తిరువూరులో ఒక పరామర్శ

తిరువూరు వెళ్ళి వచ్చానని చెబితే మా గోదావరి వైపు వాళ్ళు మొదట అడిగేది అక్కడ ఏ దేవుడు వెలిశాడని. నేను దైవదర్శనానికి వెళ్ళలేదు. ఒక ఊళ్ళో ముగ్గురు ఆడవాళ్ళు కలిసి ఒక కష్టమైన పని ఎలా చేస్తున్నారో చూడటానికి వెళ్ళాను. చూడటంతో ఆగకుండా నేనూ అందులో చెయ్యి వేసి వచ్చాను. ఊళ్ళ పేర్లు ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

భర్త చేతి దెబ్బలు తినే ఆడవాళ్ళ సంగతి పట్టించుకునే మహిళా మండళ్ళు మా జిల్లాలోనూ ఉన్నాయి. ఒకదానికి నేనే అధ్యక్షురాలిని. మా పద్ధతి, ఆ మగవాణ్ణి పిలిపించి నిలబెట్టి మందలించడం. మా తాతగారి దివాణంలో అదే జరిగేది. దివాణం పోయింది, భూములు పోయాయి. మిగిలిన రెండు గదుల ముందు వసారాలో మా తాతగారి కుర్చీ ఉంది. ఆ కుర్చీలో కూర్చుని నేను మాట్లాడితే వినేవాళ్ళు మా తాలూకాలో ఇంకా ఉన్నారు.

"వినేవాళ్ళ సంగతి సరేనండీ, విననివాళ్ళ పెళ్ళాలను ఏం చేస్తారు?" అని తిరువూరు మహిళా మండలి అధ్యక్షురాలు రత్నమాంబగారు ఒక సభలో నన్ను అందరి ముందూ అడిగారు. నేను జవాబు చెప్పాను. అది ఆవిడకు ఆనలేదు. మామిడికాయల కాలం రాగానే కబురు పంపారు. అనసూయ అనే అమ్మాయినీ ఆమె కూతురినీ తిరువూరు నుంచి విజయవాడ చేర్చాలి, తోడుగా ఒక పెద్దావిడ కావాలి, మీ దగ్గరున్న మంచి పట్టుచీర తెచ్చుకోండి అని ఆ కబురు సారాంశం. పట్టుచీర ఎందుకో అర్థం కాలేదు. తెచ్చుకున్నాను.

నూజివీడు దాటాక

ఏలూరు నుంచి నూజివీడు, అక్కడి నుంచి విస్సన్నపేట బస్సు. నూజివీడు దాటగానే కాలవలు అయిపోయాయి. ఎర్రమట్టి, తాటిచెట్లు, మామిడితోటలు, తోటల్లో కాయలు కోసి గడ్డి మీద పోసిన కుప్పలు. బస్సు నిండా రసాల వాసన. నేను ప్రయాణంలో బయటి నీళ్ళు తాగను. మా అమ్మమ్మ నాటి వెండి మరచెంబు వెంట ఉంటుంది. ఒక మలుపులో అది ఒళ్ళోంచి జారి సీట్ల కింద దొర్లుకుంటూ డ్రైవరు దాకా పోయింది. మనిషి తరవాత మనిషి అందించగా మళ్ళీ నా దగ్గరికి వచ్చేసరికి బస్సంతా నన్ను ఎరుగును.

పక్కన కూర్చున్న ముసలమ్మ అడిగింది. "ఏ ఊరమ్మా తమది?"

"గోదావరి జిల్లా."

"అక్కడ బోలెడు నీళ్ళంటగా."

"అవును."

"మాకు లేవని మోసుకొచ్చారా?"

బస్సు నవ్వింది. నేను నవ్వలేదు గాని, ఆవిడ బుట్టలోంచి తీసి ఇచ్చిన చిన్న రసం వద్దనలేదు. మా వైపు మామిడిపండు తొక్క తీసి ముక్కలు కోసి వెండి గిన్నెలో పెడతారు. ఇక్కడ మెత్తగా పిసికి, ముచ్చిక తీసి నోట పెట్టుకుంటారు. కదిలే బస్సులో చీర మీద చుక్క పడకుండా రసం తిన్నాను. ముసలమ్మ నా చీర కొంగు పట్టి చూసి, "ఎవరో గాని నేర్పుగా పెంచారు" అంది. ఆ మాట నిజం.

విస్సన్నపేట

తిరువూరు బస్సు కోసం విస్సన్నపేటలో ఆగాల్సి వచ్చింది. హోటల్లో పెసరట్టు నలభై పైసలు, కాఫీ పావలా. మా ఊళ్ళో పెసరట్టుకు అల్లప్పచ్చడిలో బెల్లం పడుతుంది. ఇక్కడి పచ్చడిలో బెల్లం జాడ లేదు. మొదటి ముద్దకే కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. గల్లా దగ్గరి ఆయన చూసి, "గోదావరి వాళ్ళాండీ?" అన్నాడు.

"ఎలా తెలిసింది?"

"ఏడుస్తూ కూడా ప్లేటు ఖాళీ చేశారు. వేరే ఊరివాళ్ళైతే వదిలేస్తారండి."

ఇంకొకటి వేయమన్నాను.

తిరువూరు: సోమవారం

రత్నమాంబగారి ఇల్లు బజారులో, వాళ్ళ కిరాణా షాపు వెనక. ముందు ధనియాలు, ఎండుమిర్చి బస్తాలు దాటుకుని వెళ్ళాలి. ఆవిడ నాకంటే పొట్టి, నాకంటే గొంతు పెద్ద. నన్ను చూడగానే షాపులోని భర్తకు వినబడేలా, "మా దొరసానిగారు వచ్చారు, కుర్చీ తుడవండి" అన్నారు. అది వెటకారమని తెలిసినా కుర్చీ నిజంగానే తుడిచారు. కూర్చున్నాను.

మిగతా ఇద్దరూ అక్కడే ఉన్నారు. సుగుణ గ్రామసేవిక, ప్రభుత్వ ఉద్యోగి. ఎ.కొండూరులో కాపురం, సైకిలు మీద ఊళ్ళు తిరుగుతుంది. ఎస్తేరమ్మ మిషను ఆసుపత్రి నర్సు. వీళ్ళిద్దరూ క్రైస్తవులు. రత్నమాంబగారు వారానికి రెండు ఉపవాసాలు ఉండే మనిషి. మా ఊళ్ళో అయితే ఈ ముగ్గురూ ఒక చాప మీద కూర్చుని శనగలు తినే దృశ్యం కనబడదు.

వాళ్ళ పద్ధతి సుగుణ చెప్పింది. మొదట్లో ముగ్గురూ ఎవరికి వారే పని చేసేవాళ్ళు. ఒకసారి ఒకే ఇంటికి ఒకే వారంలో ముగ్గురూ విడివిడిగా వెళ్ళారు. ఒకరు ఓర్చుకోమన్నారు, ఒకరు పుట్టింటికి పొమ్మన్నారు, ఒకరు పోలీసు స్టేషను అన్నారు. ప్రతి సలహాకూ ఆమె మళ్ళీ దెబ్బలు తింది. అప్పటి నుంచి ఒక ఇంటికి ఒకే మనిషి. ఆ మనిషి ఎవరో దెబ్బలు తినే ఆమే ఎంచుకుంటుంది. మిగతా ఇద్దరూ ఆ మనిషి చెప్పిన పని చేస్తారు, పిలవనిదే గడప తొక్కరు. ఒక ఇంట్లో చూసిన సంగతి, ఆ ఇంటి ఆమె చెప్పమంటే తప్ప, ఇంకో ఇంట్లో నోరెత్తరు. ఇది నాకు నచ్చింది. తిరిగి రాగానే మా మండలిలో ఇదే పెట్టించాను.

అనసూయ ఎంచుకున్నది ఎస్తేరమ్మను. అనసూయ భర్తకు ఊళ్ళో బియ్యం మిల్లు ఉంది. ఆమె ఎడమ చెయ్యి విరగడం అది రెండోసారి. రెండుసార్లూ బావి దగ్గర జారానని ఆసుపత్రిలో చెప్పింది. రెండుసార్లూ కట్టు కట్టింది ఎస్తేరమ్మే. విజయవాడలో బాలసేవికల శిక్షణాలయం ఒకటి ఉంది. ఏడాది చదివితే ఉద్యోగం వస్తుంది. చిన్నపిల్లతో సహా ఉండటానికి సుగుణ ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చింది. గురువారం లోపు చేరాలి. తప్పితే మళ్ళీ ఏడాది దాకా ఖాళీ లేదు.

"ఏడాది ఆగలేదా?" అని అడిగాను.

"ఈసారి మెడ ఎముక తప్పించుకుందండి. మళ్ళీసారి సంగతి చెప్పలేను" అంది ఎస్తేరమ్మ.

ఇంట్లోంచి బయటికి రప్పించే ఉపాయం రత్నమాంబగారిది. కోడలిని ఎంత కట్టడి చేసే అత్తగారైనా పేరంటానికి పంపకుండా ఉండదు. మంగళవారం రత్నమాంబగారింట పేరంటం. బొట్టు పెట్టి పిలవగానే అనసూయ పిల్లతో సహా వస్తుంది. పెరటి గుమ్మంలోంచి నాతో బస్సుకు వెళుతుంది. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ పక్కన ఉంటే దారిలో ఎవరూ ఆరా తీయరు. ఆ మధ్యాహ్నమే రత్నమాంబగారి కోడలు కుంకుమ భరిణె పట్టుకుని పిలుపులకు బయలుదేరింది.

ఆ పిల్ల తిరిగి వచ్చినప్పుడు ముఖంలో నెత్తురు లేదు. ఏడుస్తూ గుమ్మంలోనే కూలబడింది.

"ఏమైందే?" అన్నారు రత్నమాంబగారు.

"వాళ్ళింట్లో చావత్తయ్యా. నాకు తెలీదు. నేను భరిణె మూత తీశాను."

సంగతి ఇది. అనసూయ మామగారి అన్న, పిల్లలు లేని ముసలాయన, ఆ ఇంట్లోనే ఉండేవాడు. నెమలి అనే ఊళ్ళో వేణుగోపాలస్వామి దర్శనానికి వెళ్ళి అక్కడే కన్నుమూశాడు. కబురు మధ్యాహ్నం ఇంటికి చేరింది. శవం ఇంకా రాలేదు, ఊరికింకా తెలియదు. ఆ మధ్యలో ఈ పిల్ల కుంకుమ పట్టుకుని వెళ్ళింది. అనసూయ అత్తగారు భరిణెను చూసి, ఈ పిల్లను చూసి, "మీ అత్తకు ఇప్పుడే నోము గుర్తొచ్చిందా అమ్మాయ్? ఇన్నేళ్ళుగా మా కోడలు గుర్తు రాలేదే" అందట.

అప్పుడు ఎస్తేరమ్మ నెమ్మదిగా అంది. "కబురొచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. మనం మాట్లాడుకున్నాక చెయ్యి చూడ్డానికి వెళ్ళొచ్చాను."

రత్నమాంబగారు ఆమె వైపు తిరిగారు. "తెలిసీ చెప్పలేదా?"

"ఆ ఇంట్లో చూసింది ఇంకో ఇంట్లో చెప్పకూడదనుకున్నాం కదక్కా."

"చావు కూడా రహస్యమేనా ఎస్తేరూ? రేపు నేను పోతే నా మొగుడిక్కూడా చెప్పవా?"

"మీరు పోతే మీ గొంతు ఆగిపోద్ది, ఆయనకే తెలుస్తుంది" అంది సుగుణ.

ఎవరికీ నవ్వు రాలేదు. తరవాత రత్నమాంబగారికే వచ్చింది.

తప్పు ఎస్తేరమ్మదని నేను అనుకోను. కట్టుబాటు అంటే అదే. ఏది దాచాలో ఏది దాచనక్కరలేదో అని తూకం వేయడం మొదలుపెడితే కట్టుబాటు ఉండదు. కాని పేరంటం పోయింది, అత్తగారికి అనుమానం వచ్చింది, గురువారం దగ్గర పడింది.

తిరువూరు: మంగళవారం

మంగళవారం పరామర్శకు ఎవరూ వెళ్ళరు. ఆ ఆచారం మాకూ ఉంది. పొద్దున్నే నలుగురం మళ్ళీ కూర్చున్నాం. రత్నమాంబగారింట్లో జొన్నరొట్టె, గోంగూర. తెలంగాణా పొలిమేర దగ్గర కాబట్టి ఇక్కడ జొన్నరొట్టె షావుకార్ల ఇళ్ళలోనూ చేస్తారు. మా ఇంట్లో జొన్నలు ఏనుగుకు పెట్టేవారని అన్నాను. ఏనుగు అదృష్టవంతురాలని సుగుణ అంది. రొట్టె బాగుంది.

పది రోజులు మైల. ఆ పది రోజులూ అనసూయ గడప దాటదు. దినం అయ్యాక చూద్దాం, సుగుణ మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరగాలి అని రత్నమాంబగారు అన్నారు. సుగుణ తల అడ్డంగా ఊపింది. ఆ సీటు కోసం విజయవాడలోనే ఎదురు చూసేవాళ్ళు ఉన్నారట.

నేను అడిగాను. "కర్త ఎవరు?"

"పిల్లల్లేరు కదండీ, అనసూయ మామగారు ముందే పోయారు. నిన్న సాయంత్రం శవం రాగానే అనసూయ మొగుడే తల కొరివి పెట్టాడు. వాడే కర్త."

"అయితే ఆయన పది రోజులూ దీపం దగ్గర విడిగా కూర్చోవాలి. ఎవరినీ తాకకూడదు. గడప దాటకూడదు."

ముగ్గురూ నా వైపు చూశారు.

"రేపు బుధవారం. ఊరంతా పరామర్శకు వెళుతుంది. పరామర్శకు పిలుపు అక్కరలేదు, వచ్చినవాళ్ళను ఎవరూ కాదనరు. వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని ఎవరూ చెప్పరు, మళ్ళీ రమ్మని ఎవరూ అనరు, సాగనంపడానికి ఎవరూ లేవరు. మౌనంగా లేచి వచ్చేస్తారు. ఆమె కూడా మనతో లేచి వచ్చేస్తే, ఆపవలసిన మనిషి ఒక్కడే. ఆ మనిషి చెయ్యి చాపడానికి లేదు."

రత్నమాంబగారు తింటున్న రొట్టె పళ్ళెంలో పెట్టేశారు. తరవాత అన్నారు. "చావింట్లోంచి కోడల్ని లేపుకొచ్చిందని ఊరు నా ముఖాన ఉమ్మేస్తుంది. మా షాపులో అమ్మేది ఆ మిల్లు బియ్యమే."

"మైల మనిషితో వస్తుంది, గడపతో కాదు. ఆమె విజయవాడలో ఉన్నా పది రోజులూ పాటిస్తుంది, పదో రోజు అక్కడే తలస్నానం చేస్తుంది. ఇందులో ఆచారం తప్పినది ఏముందో చెప్పండి" అన్నాను. మా వంశంలో ఆచారం తప్పినవాళ్ళు లేరు. ఆ రోజు నేనే మొదటిదాన్ని కాదలచుకోలేదు. అందుకే రాత్రంతా ఆలోచించి ఈ మాట చెప్పాను.

ఆవిడ షాపులోకి వెళ్ళి భర్తతో ఏదో మాట్లాడి వచ్చారు. "బియ్యం విస్సన్నపేట నుంచి తెప్పించుకుంటారట" అన్నారు.

"అందరూ కలిసి అనసూయ నడకను నిర్ణయించేశారు. ఆమెను అడగొద్దా?" అంది ఎస్తేరమ్మ. ఆమె మాట సబబు. కట్టు చూసే వంక ఆమెకు ఎలాగూ ఉంది. వెళ్ళింది. సాయంత్రానికి వచ్చి, అనసూయ చెప్పమన్నది మాత్రమే మాకు చెప్పింది.

"ఆయన చేతికి అందని చోటు ఈ ఊళ్ళో ఎక్కడుందా అని ఇన్నాళ్ళూ వెతికానంది. ఇప్పుడది ఇంట్లోనే ఉందంట. పది రోజులే ఉంటదంట. రేపు నలుగురినీ రమ్మంది. తను లేస్తే లేచినట్టు, లేవకపోతే లేవనట్టు. ఎవరూ తన చెయ్యి పట్టుకుని లేపొద్దంది."

తిరువూరు: బుధవారం

పట్టుచీర పెట్టెలోనే ఉండిపోయింది. చావింటికి పట్టు కట్టరు. నేత చీర కట్టుకుని నలుగురం నడిచి వెళ్ళాం. మా దివాణం ఆడవాళ్ళు పరామర్శకు మేనాలో వెళ్ళేవారు. వీధిలో నడిచి వెళ్ళడం నాకు కొత్త. చేతుల్లో ఏమీ ఉండకూడదు కాబట్టి ఎండకు గొడుగు కూడా లేదు.

అది పాతకాలపు మండువా ఇల్లు. అరుగుల మీద మగవాళ్ళు. లోపల సావిట్లో ఒక మూల నూనె దీపం, దాని పక్కన చాప మీద కర్త. చూస్తే ముప్పై ఏళ్ళవాడు, మంచి ఒడ్డూ పొడుగూ. ఒంటి మీద తడి పంచె. తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన ముందునుంచే లోపలి గదికి దారి. వేరే దారి లేదు.

లోపల ఆడవాళ్ళు. మమ్మల్ని చూడగానే ఏడుపు అందుకున్నారు. అత్తగారు గోడకు ఆనుకుని చాప మీద ఉంది. రత్నమాంబగారు ఆవిడ పక్కన కూర్చుని చేతులు పట్టుకున్నారు. అత్తగారు ఏడుపు ఆపి, "పేరంటం బాగా జరిగిందా రత్నం?" అంది.

"ఆపేశాను వదినా. బుద్ధి తక్కువై పంపాను, పిల్లకు తెలీదు."

"నీకు తెలుసుగా" అంది అత్తగారు.

అనసూయ వాకిలి పక్కన కూర్చుని ఉంది. నేను ఆమెను చూడటం అదే మొదలు. సన్నటి మనిషి. ఎడమ చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో ఉంది. పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది. ఆమె మా ఎవరి వైపూ చూడలేదు. మేమూ చూడలేదు. పోయినాయన మంచితనం గురించి నలుగురూ నాలుగు మాటలు చెప్పుకున్నారు. ముసలాయన పిల్లలకు బెల్లం ముక్కలు పంచేవాడట.

కూర్చోవలసినంత సేపు కూర్చున్నాం. రత్నమాంబగారు లేచారు. సుగుణ, ఎస్తేరమ్మ, నేను లేచాం. ఏమీ చెప్పకుండా వాకిలి వైపు నడిచాం. వెనక్కి తిరిగి చూడకూడదు. చూడలేదు. ఒక అడుగు వేశాక నా వెనక చీర కుచ్చెళ్ళ చప్పుడు వినబడింది.

సావిట్లోకి వచ్చేసరికి అనసూయ మా మధ్యలో ఉంది. నిద్రపోతున్న పిల్ల కుడి భుజం మీద. కర్త తల ఎత్తాడు. పిల్లను చూశాడు, భార్యను చూశాడు, ఆమె నడుస్తున్న వైపు చూశాడు. లేచి నిలబడ్డాడు. నేను ఆయనకూ ఆమెకూ మధ్య నా నడుము నిటారుగా పెట్టుకుని నడిచాను. నాకు చేతనైనది అదే, అది నాకు బాగా చేతనవును.

ఆయన చెయ్యి చాపాడు. అరుగు మీద మగవాళ్ళు ఇటు తిరిగారు. ఇంకొక అడుగు వేసి ఉంటే ఆమె జబ్బ అందేది.

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినబడింది. "కూర్చోరా. కర్తవి. ముట్టుకోకు."

ఆవిడ ఆ మాట పోయినాయన కోసం అందో, కోడలి కోసం అందో ఆవిడకే తెలియాలి. కొడుకు చెయ్యి గాలిలోనే ఆగింది. మేము గడప దాటాం. చావింటి నుంచి వెళ్ళేవాళ్ళను పలకరించకూడదు కాబట్టి అరుగు మీద ఒక్కరూ పలకరించలేదు.

ఆసుపత్రి వెనక బావి

పరామర్శ నుంచి వచ్చి స్నానం చేయకుండా ఎక్కడికీ కదలకూడదు. మా వైపు కాలవలో మునుగుతారు. ఇక్కడ ఎస్తేరమ్మ క్వార్టర్సు వెనక గిలక బావి ఉంది. "మాకు ఈ పట్టింపు లేదు గాని మీకు తోడి పోస్తాం, కూర్చోండి" అని సుగుణ, ఎస్తేరమ్మ చేదలు అందుకున్నారు. రత్నమాంబగారు, నేను, అనసూయ కట్టుబట్టలతో వరసగా కూర్చున్నాం. అనసూయ కట్టు తడవకుండా ఎడమ చెయ్యి పక్కకు చాపి పెట్టుకుంది. చన్నీళ్ళు నెత్తిన పడగానే ఆమెకు వణుకు మొదలైంది. ఎండాకాలపు మధ్యాహ్నం అది. వణుకు నీళ్ళది కాదని అందరికీ తెలుసు. ఇంకొక చేద పోశారు. పిల్ల లేచి, తనకూ పోయమని పేచీ పెట్టింది. పోశారు.

అనసూయ ఒంటి మీది చీరతో వచ్చింది. తడి చీర మార్చుకున్నాక నా పెట్టెలో మిగిలిన పొడి చీర పట్టుచీర ఒక్కటే. ఆమె కట్టుకోనని మొండికేసింది. రత్నమాంబగారు తన నేత చీర తెప్పించి కట్టించారు.

ఎ.కొండూరు మీదుగా

బస్సు కండక్టరు అనసూయను గుర్తు పట్టాడు. "మిల్లు వారి కోడలుగారు కదండీ, ఇట్టా బయలుదేరారేంటి? ఇంట్లో పెద్దాయన..."

"విజయవాడ రెండు" అన్నాను నేను.

"అది కాదండీ..."

"పాపకు టికెట్టు అక్కరలేదు. చిల్లర సరిగ్గా ఉంది."

ఆయన టికెట్లు కొట్టి వెనక్కి వెళ్ళిపోయాడు. పట్టుచీర లేకుండానే పని జరిగిందని, ఎ.కొండూరు దాకా మాతో వస్తున్న సుగుణ నా చెవిలో అంది. తన ఊరు రాగానే ఆమె దిగిపోయింది. దిగే ముందు అనసూయతో ఒకే మాట చెప్పింది. "ఆయన వస్తాడు. దినం అయ్యాక వస్తాడు. మేమూ వస్తాం. మాట్లాడేది ఎవరో అప్పటికి నువ్వే ఎంచుకో."

మైలవరంలో బస్సు ఆగినప్పుడు జంతికలు కొన్నాను. పొట్లం పదిహేను పైసలు. పిల్ల పేరు చిట్టి. జంతికలన్నీ ఆమే తింది. అనసూయ కిటికీలోంచి చూస్తూ, "ఈ రోడ్డున పెళ్ళైనప్పుడు వచ్చానండి. అప్పుడు ముసుగులో ఏమీ చూళ్ళేదు. ఇటువైపు కొండలున్నాయని ఇప్పుడే తెలిసింది" అంది. దారంతా ఆమె మాట్లాడినది అదొక్కటే.

విజయవాడ

శిక్షణాలయంలో ఆమెను ఒప్పగించి నేను ఇంటికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. మొదలుపెట్టిన పనిని మధ్యలో వదలడం మా ఇంట అలవాటు లేదు. సత్యనారాయణపురంలో మా మేనత్త కూతురి ఇంట దిగాను. ఉక్కలో, దోమల్లో అన్ని రోజులు ఎందుకున్నానని ఇప్పటికీ మా చుట్టాలు అడుగుతారు. రోజూ సాయంత్రం వెళ్ళి చూసి వచ్చేదాన్ని. అనసూయ వరండా చివర విడిగా తిని, విడిగా పడుకుని మైల పాటించింది. వార్డెనమ్మ వింతగా చూసింది గాని కాదనలేదు. పదో రోజు తలస్నానం చేసింది.

ఊళ్ళో దినం కూడా అయిపోయిన మర్నాడు ఉదయమే ఆయన వచ్చాడు. నున్నగా గొరిగిన తల, తెల్ల పంచె, వెంట ఊరి పెద్దలు ఇద్దరు. అదే బస్సులో రత్నమాంబగారు, సుగుణ, ఎస్తేరమ్మ దిగారు. దారంతా ముగ్గురూ ఆయన వెనక సీట్లో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదట. రత్నమాంబగారికి అది ఎంత కష్టమో నేను ఊహించగలను.

శిక్షణాలయం గేటు దగ్గర అందరం నిలబడ్డాం. అనసూయ లోపలినుంచి వచ్చింది. గేటు బార్లా తెరిచే ఉంది. ఇప్పుడు ఆయన కర్త కాదు. చెయ్యి చాపితే అడ్డు చెప్పే ఆచారం ఏదీ లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసునని ఆమె నిలబడిన దూరం చూస్తే తెలిసింది. అయినా ఒక అడుగు కూడా వెనక్కి వేయలేదు.

పెద్దల్లో ఒకాయన మా నలుగురినీ చూసి, "చెప్పండమ్మా. ఎవరు మాట్లాడతారు?" అన్నాడు.

మేము అనసూయ వైపు చూశాం. ఆమె ఎస్తేరమ్మను చూసింది, నన్ను చూసింది. ఎవరికీ తల ఊపలేదు.

"నేనే మాట్లాడతాను బాబాయ్" అంది.

ఆమె భర్త అప్పుడు నోరు విప్పాడు. గొంతు మెత్తగా ఉంది. "అయిందేదో అయింది. మైల తీరింది. పిల్లను తీసుకుని రా. నేనేం అనను."

"పెదమామగారి దినం అయ్యేదాకా ఆ ఇంట్లో ఉండలేకపోయాను. అది తప్పే. ఆయన నన్ను ఏనాడూ ఏమీ అనలేదు. ఆ తప్పు ఈ పెద్దల ముందు ఒప్పుకుంటున్నాను" అంది అనసూయ. "మిగతా దేనికీ ఒప్పుకోను. నేను రాను. పిల్ల కూడా రాదు."

"ఇట్టా రోడ్డు మీద తేల్చే మాటా ఇది?" అన్నాడు రెండో పెద్దాయన. "రేపు ఊళ్ళో కూర్చుని..."

"ఊళ్ళో రెండుసార్లు కూర్చున్నారు బాబాయ్. రెండుసార్లూ సర్దుకుపొమ్మన్నారు. రెండుసార్లూ నేను సర్దుకున్నాను." ఆమె కట్టు కట్టిన చెయ్యి కొంచెం పైకెత్తింది. "ఇది రెండోసారిది."

రత్నమాంబగారి పెదవులు కదిలాయి. నేను ఆవిడ మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ ఆగారు.

అనసూయ భర్త గేటు కమ్మీ మీద చెయ్యి వేశాడు. అటూ ఇటూ చూశాడు. రోడ్డు మీద రిక్షావాడు ఒకడు ఆగి చూస్తున్నాడు. పెద్దలిద్దరూ ఆయనతో ముందుకు రాకుండా ఉన్నచోటే ఉండిపోయారు. చెయ్యి కమ్మీ మీదినుంచి తీసేశాడు.

లోపల గంట కొట్టారు. "క్లాసు టైమైంది" అంది అనసూయ.

ఆ గేటు వేయడం తీయడం అక్కడి కాపలా ముసలాయన పని. ఆయన లేచాడు. అనసూయ ఆయన్ను ఆగమని, తనే వచ్చి రెండు రెక్కలూ ఒకదాని తరవాత ఒకటి ముందుకు తోసింది. ఒంటిచేత్తో కాబట్టి కొంత సేపు పట్టింది. మేమెవరం సాయం చేయలేదు. గడియ వేసి లోపలికి వెళ్ళిపోయింది.